పాత తలుపు తాళం మనమే మార్చుకోవడం: కొనే ముందు ఒకసారి తలుపు తెరిచి తిప్పి చూడండి

మీరు అడిగింది ఇదీ: తణుకులో అమ్మగారు ఒక్కరే ఉంటున్న ఇల్లు. వీధి గుమ్మానికి టేకు తలుపు, దానికి పద్దెనిమిదేళ్ల కిందట పెట్టించిన హ్యాండిల్ తాళం. ఈ మధ్య తాళంచెవిని నాలుగైదుసార్లు ఆడిస్తే గానీ తిరగడం లేదు. మొన్న కార్తీకంలో గుడికి వెళ్లొచ్చి, తాళం రాక అరగంట సేపు అరుగు మీదే కూర్చున్నారు. మూడు తాళంచెవుల్లో ఒకటి ఎక్కడ పోయిందో తెలియదు. వడ్రంగిని పిలిస్తే చిన్న పని అని రావడం లేదు. సంక్రాంతికి మీరు వెళ్లి రెండు రోజులుంటారు. ఆ రెండు రోజుల్లో మీ చేత్తో మార్చగలరా, ఏ తాళం కొనాలి అని అడిగారు.

మార్చగలరు. నేను రాజమండ్రిలో ఇరవై మూడేళ్లుగా తలుపులు, తాళాల పనే చేస్తున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా ఈ పని చేసుకోగలరు. పాత తాళం కొలతకు సరిపోయే కొత్తది దొరికితే గంట పని. దొరక్కపోతే ఉలితో చెక్క తీయాలి, అప్పుడు పూట పడుతుంది. పని గంటలో అవుతుందా పూట పడుతుందా అన్నది దాదాపుగా కొనే ముందు తీసుకునే కొలతల మీదే ఉంటుంది. మీకున్నది రెండు రోజులు. పండగ రోజున షాపులు ఉండవు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక పరీక్ష చేయించండి. అమ్మగారికి వీడియో కాల్ చేసి తలుపు బార్లా తెరిచి ఉంచమనండి. అలా తెరిచి ఉండగానే తాళంచెవి పెట్టి తిప్పమనండి. గడియ సాఫీగా బయటికి వచ్చి, సాఫీగా లోపలికి పోతే తాళంలో దోషం లేదు. తలుపు వేసినప్పుడే బిగుసుకుంటోందంటే, గడియ వెళ్లి కూర్చోవలసిన రంధ్రానికి, గడియకి మధ్య వరస తప్పిందన్నమాట. నన్ను తాళం మార్చమని పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల జరిగేది ఇదే. తలుపు బరువుకి పై బందు స్క్రూలు వదులై తలుపు రవ్వంత కిందికి జారుతుంది. లేదా వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. గోదావరి జిల్లాల గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు ఎంత ఖరీదైన కొత్త తాళం పెట్టినా నెల తిరిగేసరికి అదే గొడవ. డబ్బు పోతుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దీనికి సాక్ష్యం ద్వారబంధం మీదే ఉంటుంది. గడియ దూరే చోట ఒక ఇత్తడి పట్టీయో స్టీలు పట్టీయో బిగించి ఉంటుంది కదా, దాన్ని దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. ఆ రంధ్రం కింది అంచు మీద మెరిసే గీతలు, అరుగుదల కనబడితే తలుపు కిందికి జారినట్టే. పై అంచు మీద ఉంటే కింది బందు సంగతి చూడాలి. పట్టీ అంతా నల్లబడి గీత అన్నదే లేకపోతే గడియ సరిగ్గానే కూర్చుంటోంది, దోషం తాళంలోనే ఉంది.

రెండో పరీక్ష కూడా చేయించండి. తక్కువ వాడిన రెండో తాళంచెవితో తిప్పి చూడమనండి. రోజూ వాడేది ఇత్తడిదైతే పద్దెనిమిదేళ్లలో దాని పళ్లు అరిగిపోతాయి. రెండు తాళంచెవుల్నీ జతగా ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తేడా కళ్లకి కడుతుంది. కొత్తదాని పంటి కొన కోసుగా ఉంటుంది. పాతదాని కొన సబ్బుబిళ్లలా గుండ్రంగా అయిపోయి, ఆ ఖాళీలోంచి సన్నటి వెలుగు గీత కనబడుతుంది. ఆ సన్నటి తేడాతోనే తాళం మొరాయిస్తుంది.

ఎందుకో చెబుతాను, తెలిస్తే మిగతా పని అర్థమవుతుంది. సిలిండర్, అంటే తాళంచెవి దూరే భాగం, లోపల ఐదారు చిన్న పిన్నులు వరసగా ఉంటాయి, ఒక్కో పిన్నుకి ఒక స్ప్రింగు. సరైన తాళంచెవి దూరితే దాని పళ్ల ఎత్తుపల్లాలు ప్రతి పిన్నునీ సరిగ్గా ఒకే గీతకి తెస్తాయి. అప్పుడే లోపలి గొట్టం తిరుగుతుంది. ఒక్క పిన్ను ఆ గీతకి వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా తిరగదు. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. ఇవాళ మన తలుపుల మీదున్న సిలిండర్లలో ఎక్కువ భాగం ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి. మనం తాళంచెవిని అటూ ఇటూ ఆడించినప్పుడు జరిగేది, అరిగిన పళ్ల మీద ఆ పిన్నులు ఎలాగో గీతకి వచ్చేదాకా వెతుక్కోవడమే. అందుకే అరిగిన తాళంచెవికి డూప్లికేటు చేయిస్తే ఆ అరుగుదల కూడా దిగుతుంది. డూప్లికేటు ఎప్పుడూ అరగని అసలుదాన్నుంచే తీయించాలి.

సంక్రాంతి దాకా అమ్మగారికి ఇబ్బంది లేకుండా ఒక ఉపాయం. మెత్తటి 2బి పెన్సిల్‌తో తాళంచెవి రెండు పక్కలా, పళ్ల మీదా బాగా నల్లగా రుద్ది, తాళంలో పదిసార్లు పెట్టి తీయమనండి. తర్వాత తాళంచెవిని గుడ్డతో తుడిచేయాలి. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ పొడిగా ఉంటూనే జారుడునిస్తుంది. కొబ్బరినూనె మాత్రం దయచేసి వద్దు. మన ఇళ్లలో తాళం బిగుసుకుంటే మొదట చెయ్యి వెళ్లేది కొబ్బరినూనె సీసా మీదికే. ఆ రోజుకి పని చేస్తుంది కూడా. కానీ దానికి దుమ్ము పట్టి, ఆరునెలలకి లోపల బంకలా తయారవుతుంది. నేను విప్పిన పాత సిలిండర్లలో ఆ నల్లటి బంకలో పిన్నులు కూరుకుపోయి ఉండటం లెక్కలేనన్నిసార్లు చూశాను. ఇంకో సంగతి, వీధి వైపు తాళం రంధ్రంలో మట్టి గూడు కట్టే కందిరీగ ఒక్కోసారి మట్టి కూరి వెళుతుంది. తాళంచెవి సగమే దూరుతుంటే టార్చి వేసి చూడమనండి. మట్టి కనిపిస్తే సన్నటి పిన్నీసుతో మెల్లగా గీకి ఊదేస్తే సరి, తాళం మార్చక్కర్లేదు.

పరీక్షల్లో దోషం సిలిండర్‌లోనే అని తేలితే మీ పని బాగా తేలికవుతుంది. చాలామందికి తెలియనిది, షాపువాళ్లు కూడా అన్నిసార్లూ చెప్పనిది ఏమిటంటే, హ్యాండిల్ తాళంలో మూడు వేర్వేరు సామాన్లు ఉంటాయి. తలుపు మందంలోకి దిగి ఉండే ఇనుప పెట్టె, దాన్ని బాడీ అంటారు. తాళంచెవి దూరే సిలిండర్. రెండు పక్కలా హ్యాండిళ్లు. పోయిన తాళంచెవి గురించి మీ భయం తీరడానికైనా, తిరగని తాళం తిరగడానికైనా సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు. పాత తాళంచెవులన్నీ ఆ క్షణం నుంచీ పనికిరాకుండా పోతాయి. ఖర్చు మొత్తం సెట్టులో చిన్న భాగం. పని పావుగంట. హ్యాండిల్ కిందికి వేలాడిపోతున్నా, హ్యాండిల్ నొక్కితే లోపలికి పోయే వాలు నాలుక లోపలే ఇరుక్కుంటున్నా, తాళంచెవి తిరిగినా గడియ కదలకపోయినా అప్పుడు బాడీ మార్చాలి.

కొలతలు ఇవి. తలుపు మందం. తలుపు అంచు నుంచి తాళం రంధ్రం మధ్యకి దూరం. ఇది మామూలుగా 45 మిల్లీమీటర్లో 60 మిల్లీమీటర్లో ఉంటుంది. హ్యాండిల్ కడ్డీ మధ్య నుంచి తాళం రంధ్రం మధ్యకి నిలువు దూరం. ఇప్పటి తాళాల్లో ఎక్కువగా 85 మిల్లీమీటర్లు, పాతవాటిలో ఇంతే అని చెప్పలేం. తలుపు అంచున కనబడే పట్టీ పొడవు, వెడల్పు. హ్యాండిల్ ప్లేటు పొడవు కూడా రాసుకోండి. ఎందుకంటే కొత్త ప్లేటు చిన్నదైతే పాతదాని కింద దాగిన పాలిష్ పట్టని చెక్క, పాత స్క్రూ రంధ్రాలు బయటపడి తలుపు అందమంతా పోతుంది. ప్లేటు పాతదానికంటే ఒక వేలు పెద్దదైనా ఫరవాలేదు, చిన్నది కాకూడదు.

సిలిండర్ కొలత దగ్గర పొరపాట్లు ఎక్కువ, కాబట్టి కాస్త ఆగుతాను. సిలిండర్ మధ్యలో అడుగున ఒక మరల రంధ్రం ఉంటుంది. తలుపు అంచు నుంచి వచ్చే పొడుగు స్క్రూ అందులో బిగుస్తుంది. ఆ రంధ్రం మధ్య నుంచి బయటి కొస దాకా ఎంత, లోపలి కొస దాకా ఎంత అని రెండుగా కొలవాలి. 30, 30 అయితే 60 సిలిండర్. 35, 35 అయితే 70. మీ తలుపు మందం 40 అనుకోండి, హ్యాండిల్ ప్లేట్లు చెరో 10. మొత్తం 60, కనుక 60 సిలిండర్ సరిగ్గా ప్లేటు మట్టానికి వస్తుంది. వీధి వైపు సిలిండర్ ప్లేటు కంటే రెండు మూడు మిల్లీమీటర్లకి మించి పొడుచుకు రాకూడదు. అలా వస్తే పెద్ద పట్టకారుతో పట్టుకుని విరిచేయడానికి దొంగకి పట్టు దొరుకుతుంది. ఆ స్క్రూ రంధ్రం ఉన్న చోటే సిలిండర్‌లో అన్నిటికంటే పలచన, విరిగేది అక్కడే. షాపులో 60 లేదు, 70 తీసుకోండి, ఏమీ కాదు అంటారు. ఒప్పుకోకండి. ఒంటరిగా ఉండే మనిషి ఇల్లు అది.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. అమ్మగారికి లోపల కూడా తాళంచెవి పెట్టి తిప్పే సిలిండర్ కొనకండి. బయట తాళంచెవి, లోపల చేత్తో తిప్పే చిన్న బిళ్ల ఉండేది తీసుకోండి. రాత్రిపూట గ్యాస్ వాసన వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా, చీకట్లో తాళంచెవి వెతుక్కునే పని ఉండకూడదు. పైగా రెండు వైపులా తాళంచెవి ఉండే వాటిలో చాలావరకు, లోపల తాళంచెవి పెట్టి ఉంచేస్తే బయటి నుంచి ఇంకో తాళంచెవి పని చేయదు. ఆవిడ లోపల కళ్లు తిరిగి పడిపోతే పక్కింటివాళ్ల దగ్గర మీరు ఉంచిన తాళంచెవి ఎందుకూ కొరగాదు. బిళ్ల ఉన్నదానికి ఆ ఇబ్బంది లేదు. తలుపుకి దగ్గరలో అద్దమో చెయ్యి దూరే జాలీయో ఉంటే మాత్రం బయటి నుంచి బిళ్ల అందకుండా చూసుకోవాలి.

తాళంచెవి రకం కూడా ఆలోచించండి. పళ్లు కోసినట్టుండే మామూలు తాళంచెవికి ఏ సెంటర్లోనైనా డూప్లికేటు దొరుకుతుంది. గుంటలు గుంటలుగా ఉండే దాన్ని షాపుల్లో కంప్యూటర్ కీ అంటారు. దాన్ని రోడ్డు పక్క చేయడం కష్టం. అది మంచిదే, కానీ పోతే ఇబ్బంది. నా మాట అడిగితే కంప్యూటర్ కీ తీసుకోండి, కొనేటప్పుడే నాలుగైదు తాళంచెవులు వచ్చే సెట్టు చూసుకోండి. తాళంచెవులతో కోడ్ ఉన్న కార్డు ఇస్తే దాన్ని బీరువాలో పెట్టండి, తాళంచెవుల గుత్తికి మాత్రం కట్టకండి. వేలిముద్ర తాళాల గురించి కూడా అడుగుతారేమో. అవి చెడ్డవి కావు. కానీ బాడీ మార్చాలి, తలుపుకి కొత్త రంధ్రాలు వేయాలి, బ్యాటరీలు గమనించుకోవాలి. రెండు రోజుల ప్రయాణంలో అమ్మగారికి అది అలవాటు చేసి రాలేరు.

ఇక పని. సామాన్లు పెద్దగా అక్కర్లేదు: ఒక పెద్ద, ఒక చిన్న స్క్రూడ్రైవర్, టేపు, పెన్సిల్, ముప్పావు అంగుళం ఉలి, చిన్న సుత్తి, ఆకురాయి, కాస్త ఫెవికాల్.

తలుపు తెరిచి, కింద చెక్కముక్క దోపి కదలకుండా చేయండి. పని మొత్తం తలుపు తెరిచి ఉండగానే జరగాలి. ముందు హ్యాండిల్ స్క్రూలు. పద్దెనిమిదేళ్లలో రెండు మూడుసార్లు పాలిష్ వేసి ఉంటారు, స్క్రూ తలల్లో గాడి పూడిపోయి ఉంటుంది. బ్లేడు మొనతో ఆ గాడి శుభ్రం చేశాకే స్క్రూడ్రైవర్ పెట్టండి. తొందరపడి తిప్పితే గాడి చెరిగిపోతుంది, ఆ తర్వాత ఆ స్క్రూ తీయడం నాలాంటివాడికి కూడా గంట పని. బిగిసిన స్క్రూని ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, అప్పుడు వదులు చేసే వైపు తిప్పండి. తుప్పు పట్టి ఉంటే ఒక చుక్క మిషను నూనె వేసి పదిహేను నిమిషాలు ఆగండి. స్క్రూలన్నీ వచ్చాక హ్యాండిళ్లు రెండూ చేతిలోకి వస్తాయి, మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్ల చదరపు కడ్డీ జారి పడుతుంది. ప్రతి అడుగుకీ ఫోనులో ఒక ఫొటో తీసుకోండి.

ఇప్పుడు తలుపు అంచు చూడండి. పట్టీ మీద పైనా కిందా రెండు చెక్క స్క్రూలు, మధ్యలో తాళంచెవి రంధ్రానికి ఎదురుగా ఒక మర స్క్రూ. ఆ మధ్యదాన్ని పూర్తిగా విప్పి తీయండి, అది రెండంగుళాలకి పైగా పొడుగుంటుంది. తీశాక సిలిండర్‌ని లాగితే రాదు. కంగారు పడకండి, పగలగొట్టకండి. సిలిండర్ నడుమున గడియని తోసే చిన్న ముక్కు ఉంటుంది. అది పక్కకి పొడుచుకుని బాడీలో పట్టుకుని ఉంటుంది. తాళంచెవి పెట్టి, గడియారంలో నిమిషాల ముల్లు రెండు మూడు నిమిషాల్లో జరిగేంత కొంచెంగా, మెల్లగా తిప్పుతూ సిలిండర్‌ని లాగి చూడండి. ముక్కు సిలిండర్ ఒంటిలోకి సర్దుకున్న చోట అది జారినట్టు వచ్చేస్తుంది. ఇంటర్నెట్లో వీడియోలు చూసి సుత్తితో కొట్టినవాళ్లందరూ ఇక్కడే బాడీ పాడుచేసుకుంటారు.

సిలిండర్ ఒక్కటే మారుస్తుంటే ఇక తిరగేసి చేయడమే. కొత్తదాంట్లో తాళంచెవి పెట్టి ముక్కు సర్ది లోపలికి తోసి, పొడుగు స్క్రూ బిగించండి. స్క్రూ మరకి అందడం లేదంటే సిలిండర్ అర మిల్లీమీటరు ముందో వెనకో ఉన్నట్టు. వేలితో సర్దుతూ తిప్పండి, బలవంతం చేస్తే మర చెడుతుంది. బిళ్ల లోపలి వైపుకి రావాలని గుర్తుంచుకోండి.

బాడీ కూడా తీయాలంటే పైనా కిందా స్క్రూలు తీసి, కడ్డీ దూరే రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి రెండు పక్కలా సమంగా మెల్లగా లాగండి. పట్టీ చుట్టూ పాలిష్ అంటుకుని ఉంటే ముందు బ్లేడుతో గీత గీయాలి, లేకపోతే టేకు పొర పెచ్చుగా లేచిపోతుంది. బాడీ బయటికి వచ్చాక దాన్ని సంచీలో వేసుకుని షాపుకి వెళ్లండి. మీరు ఎన్ని కొలతలు రాసుకున్నా పాతది బల్ల మీద పెట్టి కొత్తదాన్ని పక్కన పెట్టి చూడటానికి మించింది లేదు. నాలుక వాలు మీ తలుపు వైపుకి ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి. చాలా తాళాల్లో నాలుకను తిప్పి పెట్టుకునే వీలు ఉంటుంది, షాపులోనే తిప్పించి తెచ్చుకోండి. పండగ ముందురోజే ఈ పని పెట్టుకోవడం మంచిది. బాడీ లేని తలుపుకి రాత్రికి లోపలి గొళ్ళెం, బోల్టు ఉన్నాయి కదా, భయం లేదు. బయటికి వెళ్లాలంటే ఆల్‌డ్రాప్‌కి తాళంకప్ప వేసుకోండి. మీ ఇంట్లో పాత ఇనుప తాళంకప్ప ఏదైనా ఉంటే పారేయకండి. తమిళనాడులోని దిండిగల్‌లో చేతితో చేసే తాళాలకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, వాటిలో మామిడికాయ ఆకారంలో ఉండేవి కొన్ని పాత ఇళ్లలో ఇంకా చక్కగా పని చేస్తున్నాయి.

కొత్త బాడీ కొంచెం పెద్దదైతే ఉలి పట్టాలి. పట్టీని చోటులో పెట్టి చుట్టూ పెన్సిల్ గీయండి. ఉలి నిలువుగా పట్టి గీత మీద సుత్తితో మెల్లగా కొట్టి ముందు అంచులు తెంపండి. ముఖ్యంగా చెక్క గీతలకి అడ్డంగా ఉండే పై అంచు, కింది అంచు ముందు తెగాలి. ఆ తర్వాత మధ్యలోది పలచటి పొరలుగా తీయండి. ఒకేసారి లోతుకి కొడితే గీత వెంట టేకు చీలిపోతుంది, ఆ చీలిక హ్యాండిల్ దాకా పోతుంది. పాత స్క్రూ రంధ్రాలు వదులైపోతే మందు తీసేసిన రెండు మూడు అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి కూరి, మూడు నాలుగు గంటలు ఆరాక స్క్రూ పెట్టండి. ఇత్తడి స్క్రూలైతే ముందు అదే సైజు ఇనుప స్క్రూని బిగించి తీసి దారి చేశాక ఇత్తడిది పెట్టాలి. మా గురువుగారు ప్రతి స్క్రూనీ బట్టల సబ్బు మీద ఒకసారి రుద్ది గానీ టేకులో పెట్టేవారు కాదు. నేనూ అంతే. గట్టి చెక్కలో ఇత్తడి స్క్రూ తల తెగిపోతే లోపల మిగిలిన ముక్క తీయాలంటే తలుపు గాయపరచాల్సిందే.

బాడీ, సిలిండర్ పెట్టాక హ్యాండిళ్లు బిగించకముందే తాళంచెవి తిప్పి చూడండి. గడియ రెండు తిప్పుల్లో పూర్తిగా రావాలి, పోవాలి. తర్వాత హ్యాండిళ్లు పెట్టి స్క్రూలు నాలుగూ కొంచెం కొంచెంగా, ఒకటి మార్చి ఒకటి బిగించండి. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. హ్యాండిళ్లు బిగించకముందు మెత్తగా తిరిగిన తాళంచెవి, బిగించాక బిగుసుకుంటే తాళం చెడిపోయిందని అనుకోకండి. ప్లేటు ఒక వెంట్రుక పక్కకి ఉండి సిలిండర్‌ని లాగుతోంది. స్క్రూలు వదులు చేసి, ప్లేటు సర్ది మళ్లీ బిగించండి. కొత్త తాళం పెట్టిన వారానికే బిగుసుకుందని నన్ను పిలిచే ఇళ్లలో చాలాసార్లు ఇదే కారణం.

ఇప్పుడు ద్వారబంధం వైపు. గడియ కొసకి కొంచెం కాటుక రాసి, ఒకరు లోపల, ఒకరు బయట ఉండి, తలుపు దగ్గరికి వేసి తాళంచెవి తిప్పండి. గడియ ఎక్కడ తగులుతోందో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. మచ్చ రంధ్రం అంచు మీద పడితే అంత మేర పట్టీని ఆకురాయితో రుద్దండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే పట్టీ విప్పి జరపాలి. తలుపు జారడమే కారణమైతే ముందు పై బందు స్క్రూలు తీసి రెండంగుళాల పొడుగువి బిగించి చూడండి, చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. రంధ్రం లోతు కూడా చూడండి. లప్పం, రంగు, చెక్కపొట్టు పడి అందులో సగం పూడి ఉంటుంది. గడియ పూర్తిగా బయటికి రాకుండా సగంలో ఆగితే బయటికి తాళం పడినట్టే కనిపిస్తుంది గానీ, గడియ గట్టిగా నిలవదు. పెన్సిల్ దూర్చి కొలిచి, గడియ పొడవు కంటే అర అంగుళం ఎక్కువ లోతు ఉండేలా శుభ్రం చేయండి.

మీరు చేసేది సంక్రాంతికి, అంటే చెక్క ఎండి ముడుచుకుని ఉండే కాలం. అప్పుడు సరిగ్గా సరిపోయిన తలుపు శ్రావణానికి ఉబ్బి బిగుస్తుంది. అందుకని పట్టీ రంధ్రాన్ని పైకీ కిందికీ ఒక మిల్లీమీటరు వదులుగానే ఉంచండి. తలుపు అంచుకి, ద్వారబంధానికి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉందో లేదో చూడండి. ఉన్నదాన్ని ఇంకా చిత్రిక పట్టకండి. తలుపు పై అంచు, కింది అంచు చేత్తో తడిమి చూడండి. అక్కడ పాలిష్ వేయని చెక్క తగిలితే ఒక పూత వేయండి. మన తలుపులు తేమ తాగేది ఎక్కువగా ఆ కనబడని అంచుల నుంచే.

అంతా అయ్యాక తలుపు వెంటనే వేసేయకండి. తెరిచి ఉంచే ప్రతి తాళంచెవినీ పది పదిసార్లు తిప్పండి, సెట్టులో వచ్చినవన్నీ, ఒక్కటి కూడా వదలకుండా. నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడాది ఒక ఇంట్లో కొత్త తాళం బిగించి, ఒకే ఒక్క తాళంచెవి చూసుకుని తలుపు లాగాను. ఆ ఇంటావిడ నాతో మాట్లాడుతూ బయటే ఉన్నారు. మూడేళ్ల పాప లోపల. పొయ్యి మీద పాలు. నా చేతిలో ఉన్నది ఆ సెట్టులోదే కానీ సరిగ్గా కోయని తాళంచెవి, మంచిది లోపల బల్ల మీద ఉండిపోయింది. పెరటి తలుపు తీసి ఉంది కాబట్టి గోడ దూకి లోపలికి పోగలిగాను. ఆ పాప ఏడుపు ఇప్పటికీ నాకు గుర్తే. ఆ రోజు నుంచీ ఒక మనిషి లోపల, ఒక మనిషి బయట లేకుండా ఏ తలుపూ మొదటిసారి వేయలేదు. మీరు బయట నిలబడండి, అమ్మగారిని లోపల ఉంచండి. మీరు బయటి నుంచి తాళం వేసి తీయండి, ఆవిడ లోపలి నుంచి బిళ్ల తిప్పి తీయాలి. బిళ్ల ఆవిడ వేళ్ల బలానికి తిరుగుతోందా అన్నది ముఖ్యం, మీ బలానికి కాదు.

వచ్చే ముందు ఒక తాళంచెవి పక్కింట్లో, ఒకటి మీ దగ్గర. మిగతావి అమ్మగారి దగ్గర. సిలిండర్‌కి ఏడాదికోసారి, వానలు తగ్గాక, గ్రాఫైట్ పొడి ఒక చిటికెడు. బాడీ నాలుకకి, బందులకి మాత్రం మిషను నూనె ఒక చుక్క వేయొచ్చు.

ఇప్పుడు అమ్మగారి చేత ఆ తెరిచి తిప్పే పరీక్ష చేయించి, తలుపు మందం, అంచు నుంచి తాళం రంధ్రం మధ్యకి దూరం, హ్యాండిల్ నుంచి రంధ్రానికి దూరం, ఈ మూడు అంకెలూ రాయండి. ద్వారబంధం పట్టీ ఫొటో కూడా పెట్టండి. సిలిండర్ చాలా, బాడీ కూడా కొనాలా, ఏ సైజు అన్నది చూసి చెబుతాను. మీరు ఊరెళ్లే లోపు కొని పెట్టుకోవచ్చు.